మీరడిగారు: బయోడీజిల్ అడుగున దిగే గ్లిజరిన్

ప్రశ్న: మాది చిన్న బయోడీజిల్ యూనిట్. నూనె, మిథనాల్ రియాక్షన్ అయ్యాక అడుగున నల్లగా చిక్కగా గ్లిజరిన్ దిగుతోంది. కొనేవాళ్లు దొరకట్లేదు, దొరికినా వాళ్లిచ్చే రేటు వింటే నవ్వొస్తోంది. మందుల్లో, క్రీముల్లో వాడే గ్లిజరినే కదా ఇది, మాదానికి ఎందుకింత చులకన?

జవాబు: మీ డ్రమ్ముల్లో ఉన్నదంతా గ్లిజరిన్ కాదండీ. రియాక్షన్‌లో ఖర్చవకుండా మిగిలిన మిథనాల్, కెటలిస్ట్‌గా వేసిన కాస్టిక్, అది ఫ్యాటీ యాసిడ్లతో కలిసి తయారైన సబ్బు, నీళ్లు, ఎంతో కొంత బయోడీజిలు, అన్నీ అందులోనే కూర్చుంటాయి. యాసిడ్ వేస్తే సబ్బు విరిగి ఫ్యాటీ యాసిడ్లు పైకి తేలతాయి, సరే, కానీ ఆ యాసిడూ కాస్టిక్కూ కలిసి ఉప్పయి కిందే ఉండిపోతాయి. మిథనాల్ కూడా తీసేశాక 80 శాతం దగ్గర గ్లిజరిన్ వస్తుంది, మందుల కంపెనీకి కావాల్సింది 99.5 శాతం పైన. మధ్యలో ఉన్న ఆ ఇరవై శాతం దగ్గరే డబ్బంతా పోతుంది. గ్లిజరిన్ మామూలు ప్రెషర్‌లో 290 డిగ్రీలకి గానీ మరగదు, అంత వేడి పెడితే విరిగిపోవడం మొదలెడుతుంది, అందుకే వాక్యూమ్‌లో డిస్టిల్ చెయ్యాలి, ఆ సెటప్ చిన్న యూనిట్‌కి కిట్టదు.

ఇంకో చిక్కుంది. 100 కిలోల బయోడీజిల్ చేస్తే దాదాపు 10 కిలోల గ్లిజరిన్ దానంతటదే వచ్చేస్తుంది, మీకు కావాలన్నా వద్దన్నా. రేటు పడిపోయింది కదా అని ఎవరూ తయారీ ఆపరు, ఎందుకంటే ఎవరూ దానికోసం తయారు చెయ్యట్లేదు. 2000 తర్వాత బయోడీజిల్ ప్లాంట్లు వరసగా లేచేసరికి మార్కెట్లో గ్లిజరిన్ వరద పారింది. పెట్రోలియం నుంచి గ్లిజరిన్ చేసే ఫ్యాక్టరీలే తట్టుకోలేకపోయాయి, టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్‌లో డౌ కంపెనీ 2006లో తన ప్లాంట్ మూసేసింది.

మీరు ముందు మిథనాల్ రికవరీ పెట్టుకోండి, అది మళ్లీ రియాక్టర్‌లోకే పోతుంది కాబట్టి ఖర్చు తిరిగొస్తుంది, పైగా మిథనాల్ ఉన్న సరుకుకి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అది తియ్యకుండా మాత్రం పశువుల దాణాకని ఎవరికీ ఇవ్వొద్దు, విషం. దగ్గర్లో బయోగ్యాస్ డైజెస్టర్ ఉంటే వాళ్లు సంతోషంగా తీసుకోవచ్చు, బ్యాక్టీరియాకి ఇది మంచి మేత, గ్యాస్ బాగా పెరుగుతుంది, కాకపోతే కొద్దికొద్దిగా కలపాలి, ఒక్కసారి గుమ్మరిస్తే లోపల యాసిడ్ పేరుకుపోయి గ్యాసే ఆగిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ కెమిస్ట్రీ చదువుతున్నాను. గ్లిజరిన్ నుంచి అది చెయ్యొచ్చు ఇది చెయ్యొచ్చు అని రివ్యూ పేపర్లలో ఒకటే చిట్టా. ఫ్యాక్టరీ స్థాయిలో నిజంగా చేస్తున్నవి ఏంటి సార్?

జవాబు: చిట్టా పెద్దదేనమ్మా, ఫ్యాక్టరీ దాకా వచ్చినవి తక్కువే. నాకు బాగా నచ్చేది ఎపిక్లోరోహైడ్రిన్ కథ. పెయింట్లు, సర్క్యూట్ బోర్డులు, గాలిమరల రెక్కల్లో వాడే ఎపాక్సీ రెజిన్‌కి ఇదే మూలసరుకు. పాత పద్ధతిలో ప్రొపిలీన్‌కి క్లోరిన్ పట్టించి దీన్ని చేసేవాళ్లు, దీన్నించి గ్లిజరిన్ కూడా చేసేవాళ్లు. గ్లిజరిన్ చవకయ్యేసరికి బండి రివర్స్ గేరులో పడింది, ఇప్పుడు గ్లిజరిన్ నుంచే ఎపిక్లోరోహైడ్రిన్! సాల్వే కంపెనీ 2007లో ఫ్రాన్స్‌లోని తావోలో దీన్ని మొదలెట్టింది, 2012కల్లా థాయిలాండ్‌లోని మాప్ తా ఫుట్‌లో ఏడాదికి లక్ష టన్నుల ప్లాంట్ లేచింది.

ఇందులో అందం ఎక్కడుందో కాగితం మీద లెక్కేసి చూడు. పాత దారిలో నాలుగు క్లోరిన్ పరమాణువులు వాడితే చివరికి ప్రొడక్ట్‌లో మిగిలేది ఒక్కటి, మిగతా మూడూ ఉప్పుగానో యాసిడ్‌గానో బయటికి. గ్లిజరిన్ దారిలో రెండు హైడ్రోజన్ క్లోరైడ్ అణువులు పట్టించి, క్షారంతో ఒకటి తీసేస్తారు, అంటే రెండుకి ఒకటి. అణుభారాలు చూస్తే గ్లిజరిన్ 92, ఎపిక్లోరోహైడ్రిన్ 92.5, థియరీలో కిలోకి కిలో. మొక్క ఇచ్చిన మూడు కార్బన్లూ ప్రొడక్ట్‌లోనే ఉండిపోతాయి.

రెండోది ప్రొపిలీన్ గ్లైకాల్, క్రీముల్లో, కూలెంట్లలో వాడే ద్రవం. గ్లిజరిన్‌లో మూడు హైడ్రాక్సిల్స్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి కదా, రాగి కెటలిస్ట్ మీద హైడ్రోజన్‌తో ఒకదాన్ని ఊడగొడితే ఇదొస్తుంది. మిస్సోరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ గేలెన్ సప్పెస్‌కి దీనికే 2006లో అమెరికా ప్రెసిడెన్షియల్ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చారు. బెల్జియంలోని ఎర్ట్‌వెల్డెలో ఓలియాన్ కంపెనీ 2012లో ప్లాంట్ పెట్టింది. అయితే ఆ హైడ్రోజన్ ఎక్కడిది అని కూడా అడగాలి, ఎక్కువగా సహజవాయువు నుంచి వచ్చేదే.

పేపర్ చదివేటప్పుడు నేను చూసే గుర్తొకటి చెప్తాను. గ్లిజరిన్‌లో మూడు కార్బన్లకి మూడు ఆక్సిజన్లు. పెట్రోలియం వాళ్లు హైడ్రోకార్బన్‌కి ఆక్సిజన్ తగిలించడానికి నానా తంటాలు పడతారు, మనకది ఊరికే వచ్చింది. దాన్ని ఉంచుకునే ప్రొడక్ట్ అయితే నిలబడే ఛాన్సుంది, అన్నీ పీకేసి మళ్లీ ప్రొపిలీనో ఇంధనమో చేద్దామంటే మాత్రం నాకు అనుమానమే. డెల్ఫ్‌జైల్‌లో బయోఎంసీఎన్ అనే డచ్ కంపెనీ గ్లిజరిన్‌ని గ్యాస్ చేసి మిథనాల్ తీసింది, తర్వాత బయోగ్యాస్‌కి మారిపోయింది.

ప్రశ్న: పెట్రోలియం నుంచి చేసినా, మొక్కల నూనె నుంచి చేసినా అణువు ఒకటే అంటారు. మరి డబ్బా మీద రెన్యువబుల్ అని రాస్తే నమ్మేదెట్లా?

జవాబు: కార్బన్ 14 పట్టించేస్తుంది, కార్బన్‌లోనే మెల్లగా క్షీణించే ఒక రేడియోధార్మిక రకం అది. మొన్నటిదాకా బతికున్న మొక్కలో అది ఉంటుంది, దాని అర్ధాయువు (అది సగానికి తగ్గే కాలం) 5730 ఏళ్లు, కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న క్రూడాయిల్‌లో మిగిలే ప్రశ్నే లేదు. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డీ6866 పరీక్ష దీనిమీదే నడుస్తుంది. ఒక తమాషా ఏంటంటే, మిథనాల్ సహజవాయువు నుంచి వచ్చినదైతే దాని కార్బన్ పోయి చేరేది బయోడీజిల్ అణువులో, గ్లిజరిన్‌లోని మూడు కార్బన్లూ అచ్చంగా నూనెవే, అంటే ఈ లెక్కలో మెయిన్ ప్రొడక్ట్ కన్నా అడుగు సరుకే స్వచ్ఛం. ఇక మాస్ బ్యాలెన్స్ అని రాసుంటే జాగ్రత్త, అది పద్దు పుస్తకంలో లెక్క, ఆ డబ్బాలోనే మొక్కల కార్బన్ ఉందని అర్థం కాదు.

ప్రశ్న: ఇథనాల్ ప్లాంట్లలో ఇలాంటివి ఏమీ రావా?

జవాబు: రాకేం, వస్తాయి. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అంటే దాదాపు సగానికి సగం గ్యాసే. డిస్టిలేషన్‌లో ఫ్యూసెల్ ఆయిల్ అని, ఇథనాల్ కన్నా బరువైన ఆల్కహాళ్ల మిశ్రమం, కొంచెం వస్తుంది, దాన్లోని ఐసోఅమైల్ ఆల్కహాల్‌ని ఎసిటిక్ యాసిడ్‌తో కలిపితే అచ్చం అరటిపండు వాసన. గడ్డీ పిప్పీ వాడే ప్లాంట్లలో అయితే లిగ్నిన్, అంటే మొక్క కాండాన్ని గట్టిగా ఉంచే పదార్థం, కుప్పలు మిగుల్తాయి. చెక్క లిగ్నిన్ నుంచి నార్వేలో బోర్రెగార్డ్ కంపెనీ ఎప్పటినుంచో వెనిలిన్ (వెనిల్లా వాసనిచ్చే పదార్థం) చేస్తోంది, కానీ లిగ్నిన్‌తో డబ్బు తప్ప ఏదైనా చెయ్యొచ్చని ఆ రంగంలో వాళ్లే జోకేసుకుంటారు. చాలాచోట్ల అది బాయిలర్‌లోకే పోతోంది.