సీతాకోకచిలుకను దగ్గరగా ఫోటో తీస్తే కన్ను మాత్రమే స్పష్టంగా వచ్చి రెక్కలు ఎందుకు మసకబారతాయి?

దూరం తగ్గేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటర్లకు కుంచించుకుపోవడమే దీనికి కారణం. కెమెరాను రెక్కలకు సమాంతరంగా పట్టుకుంటే సమస్య చాలావరకు తీరుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో, వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సర్‌పై (కాంతిని చిత్రంగా నమోదు చేసే భాగంపై) పడేంత దగ్గరికి మాక్రో లెన్సుతో (అతి దగ్గరి ఫోటోలు తీసే లెన్సుతో) వెళ్తే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దాకా తగ్గించినా స్పష్టంగా కనిపించే మందం సుమారు 1 మిల్లీమీటరే.

హైదరాబాద్ ఖాళీ స్థలాల్లో పెరిగే జిల్లేడుపై గుడ్లు పెట్టే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకనే తీసుకోండి. అది రెక్కలు మూసి వాలినప్పుడు ఎదురుగా నిలబడి తీస్తే కన్ను దాటిన వెంటనే అంతా మసకబారుతుంది. అదే పక్కకు జరిగి, సెన్సర్ రెక్క తలానికి సమాంతరంగా ఉండేలా చూసుకుంటే, కన్నుతో పాటు రెక్క అంచున నలుపులోని తెల్ల చుక్కలు కూడా స్పష్టంగా వస్తాయి. ఉదయపు చల్లదనంలో అది అంతగా కదలదు కనుక ఈ సర్దుబాటుకు అదే అనువైన సమయం.

లెన్సు లోపమనో, మెగాపిక్సెళ్లు చాలవనో చాలామంది అనుకుంటారు. అది సరికాదు, మెగాపిక్సెళ్లు పెరిగితే ఫోకస్ మందం పెరగదు. అపెర్చర్‌ను (లెన్సు రంధ్రాన్ని) ఎఫ్/22 దాకా మూస్తే ఆ మందం పెరిగినా, కాంతి వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది.