కాశీలో తొమ్మిది రాత్రులు, ఒక నోట్‌బుక్

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మానాన్నలను తీసుకుని కాశీ వెళ్తున్నావని, తొమ్మిది రాత్రులు అక్కడే నిద్ర చేస్తారని విని చాలా సంతోషించాను. సామాన్ల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పేది ఒక్కటే. ఒక నోట్‌బుక్ వెంట పెట్టుకుని రోజూ రాయి.

ఫొటోలు తీస్తాం కదా అంటావు. దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి ఎవరి ఫోన్లో చూసినా ఒకేలా ఉంటుంది. ఆ మెట్ల మీద మీ నాన్న ఎంతసేపు కూర్చోగలిగారు, పక్కన కూర్చున్నావిడ ఏ ఊరి నుంచి వచ్చింది, పడవ అబ్బాయి మొదట ఎంత అడిగి చివరికి ఎంతకు ఒప్పుకున్నాడు, ఇవేవీ ఫొటోలో రావు. ముందుగా మర్చిపోయేది కూడా వీటినే.

'విశ్వనాథుడి దర్శనం బాగా జరిగింది' అని రాసి ఊరుకుంటే పదేళ్ల తర్వాత నీకేమీ గుర్తురాదు. ఏ గేటు దగ్గర లైన్లో నిలబడ్డారు, ఫోన్లు, చెప్పులు ఏ కొట్లో పెట్టారు, ఆ కొట్టతను మీతో తెలుగులో మాట్లాడాడా, బయటికి రాగానే మీ అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి? అవి రాయి. స్థలపురాణం రాయకు, అది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

కాశీలో మీ అమ్మ ఒక పండో, కూరో వదిలేస్తుంది. ఏది వదిలిందో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. అదే ఎందుకు వదిలిందో మాత్రం ఎవరూ అడగరు. నువ్వు అడిగి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకో.

మన భాషలో ఈ పని చేసి చూపించిన పెద్దమనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న పల్లకీలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరాడు. ఏ ఊళ్లో బస చేశాడు, అక్కడ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎలా ఉంది, అన్నీ రాసి స్నేహితుడు శ్రీనివాస పిళ్లకు పంపేవాడు. ఆయన పోయాక 1838లో ఆ స్నేహితుడే అచ్చు వేయించాడు. గొప్ప మాటలు రాయాలనుకోకుండా కళ్లెదుట ఉన్నది రాశాడు కాబట్టే ఆనాటి ఊళ్లు మనకు ఇంకా కనిపిస్తున్నాయి. హైదరాబాద్ దాటాక ఆయన నాగపూర్, జబల్‌పూర్ మీదుగానే వెళ్లాడు. మీ దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆ ఊళ్ల మీదుగానే వెళ్తుంది. ఆ స్టేషన్లు వచ్చినప్పుడు మెలకువగా ఉంటే రెండు ముక్కలు రాయి.

నోట్‌బుక్ చేతిసంచిలో పట్టేంత చిన్నదైతే చాలు, కుట్టు గట్టిగా ఉండాలి. మామూలు బాల్‌పెన్ తీసుకో. ఘాట్ల దగ్గర తడి చేతులతో పట్టుకుంటే జెల్ పెన్ సిరా అలుక్కుపోతుంది. కుడి పేజీలోనే రాసి ఎడమ పేజీ ఖాళీగా వదులు. ఖర్చులు వెనక పేజీల్లో రాసుకో. టీ ఎంత, రిక్షా ఎంత అన్న లెక్కలు చూస్తే ఆ రోజంతా మళ్లీ గుర్తొస్తుంది.

రాసేది ఆ రాత్రే రాయి. రేపు రాద్దాంలే అనుకుంటే రెండు రోజులు కలిసిపోతాయి. అలసిపోయిన రోజు తేదీ వేసి అయిదు లైన్లు రాసి పడుకో, ఫరవాలేదు. గదిలో వేడినీళ్లు రాక గొడవైనా, మణికర్ణిక శ్మశానఘాట్ చూసి మనసు బాగోలేకపోయినా, మీ నాన్న మోకాలి నొప్పితో నీకు టెన్షన్ వచ్చినా దాచకుండా రాయి. అది ఎవరికో చూపించడానికి కాదు కదా. దారిలో కలిసినవాళ్లు ఇంటి విషయాలు చెప్పుకుంటే మాత్రం పేర్లు రాయకు.

తిరుగు ప్రయాణంలో చాలామంది రాయడం ఆపేస్తారు. నువ్వు ఆపకు. అమ్మానాన్నలు చూసినవన్నీ తిరగేసి చెప్పుకునేది ఆ రైల్లోనే. ఇంటికొచ్చాక వారంలోపు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చదువు. 'అలా కాదే, జరిగింది ఇదీ' అని వాళ్లు సరిదిద్దేవన్నీ ఎడమ పేజీలో రాసుకో.

నోట్‌బుక్ నాకు చూపించక్కర్లేదు. మీ అమ్మ ఏది వదిలిందో మాత్రం ఫోన్ చేసి చెప్పు, మా ఇంటికొచ్చినప్పుడు అది వండకుండా చూసుకుంటాను.

మీ పెద్దమ్మ