షెన్‌జెన్‌లో తొలి అడుగు

ప్రశ్న: మా అబ్బాయి చైనాలోని షెన్‌జెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. త్వరలో మేమూ వెళ్తున్నాం. కొత్తవారికి అక్కడ ముందుగా ఏం తోస్తుంది?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఆకాశాన్నంటే భవనాలకన్నా రోడ్ల మీది నిశ్శబ్దమే మిమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన ఆ నగరంలో, 16 వేలకు పైగా ఉన్న సిటీ బస్సులన్నీ 2017 చివరికే విద్యుత్తుతో నడిచేవయ్యాయి కాబట్టి, నల్గొండ బస్టాండులో మనకు అలవాటైన ఇంజిన్ మోత, డీజిల్ పొగ, అక్కడ బస్సు పక్కనే వచ్చి ఆగినా ఉండవు. మన పట్టణాలకూ ఆ రోజు త్వరగా రావాలని నా గట్టి కోరిక. కూరగాయల దుకాణంలోనూ క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తుంది. అబ్బాయి సాయంతో అలీపే అనే చెల్లింపుల యాప్‌లో మీ అంతర్జాతీయ కార్డును జతచేయించుకోండి. వాట్సాప్‌ను అక్కడ నిరోధించారు గనుక, ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా ఆ సంగతి ముందే చెప్పి బయలుదేరండి.