జపాన్‌లో ఒక్క సెమిస్టర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జపనీస్ నేర్చుకుంటూ, ఒక సెమిస్టర్ జపాన్ యూనివర్సిటీలో చదవబోతున్న విద్యార్థులు ఈ నెల చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువమంది అడిగిన ఐదు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసయ్యాను. మా కాలేజీకి ఒప్పందం ఉన్న యూనివర్సిటీకి ఏప్రిల్‌లోనైనా, సెప్టెంబరు చివరనైనా వెళ్లవచ్చట. ఏది మేలు?

జవాబు: భాష కోసమే అయితే ఏప్రిల్. జపాన్‌లో విద్యా సంవత్సరం మొదలయ్యేది అప్పుడే. క్లబ్బులు, సర్కిళ్లు అనే విద్యార్థుల సరదా బృందాలు కొత్తవాళ్లను పిలిచి మరీ చేర్చుకునేదీ అప్పుడే. దాన్ని క్యాంపస్‌లో 'షిన్‌కాన్' అంటారు. అక్టోబరు నాటికి ఎవరి జట్టు వాళ్లకు కుదిరిపోయి ఉంటుంది, మధ్యలో దూరడం కష్టం. తరగతి బయట మీతో జపనీస్‌లో కబుర్లు చెప్పేవాళ్లు ఎక్కువగా దొరికేది ఆ సర్కిళ్లలోనే. జేఎల్‌పీటీ కూడా చూసుకోండి. జులై పరీక్షకు జపాన్‌లో దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ నెలల్లో తీసుకుంటారు కాబట్టి దిగగానే కట్టుకోవచ్చు. డిసెంబరు పరీక్ష గడువు మాత్రం సాధారణంగా సెప్టెంబరు మధ్యకల్లా అయిపోతుంది. నెలాఖరున విమానం దిగేవాళ్లకు అది చేజారినట్టే.

ఏప్రిల్‌కు వెళ్లాలంటే ముందు ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లోనే కాగితాలు పంపాలి. వీసాకు మూలం సీఓఈ అనే అర్హత పత్రం. దానికి మీ తరఫున అక్కడి యూనివర్సిటీయే ఇమిగ్రేషన్‌కు దరఖాస్తు చేస్తుంది. 1 నుంచి 3 నెలలు పడుతుంది. జారీ అయిన 3 నెలల్లోగా మీరు జపాన్‌లో అడుగుపెట్టాలి. పని ఆగేది ఎక్కువగా డబ్బు కాగితాల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకు నిల్వ పత్రంలో పొడి అక్షరమే ఉంటే 'ఇద్దరూ ఒకరేనా' అన్న ప్రశ్న వస్తుంది. ఖర్చు భరించే తల్లిదండ్రుల పేర్ల విషయంలోనూ ఇంతే. ఇవన్నీ ముందే సరిచేయించుకోండి.

ప్రశ్న: ఫోన్ నంబరు లేకపోతే బ్యాంకు ఖాతా ఇవ్వరు, ఖాతా లేకపోతే సిమ్ ఇవ్వరు అంటున్నారు. దిగాక ఏ పని ముందు?

జవాబు: వరుస తెలిస్తే చిక్కు ఉండదు. నారిటా, హనేడా, కన్సాయ్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో 'జైర్యూ కార్డు', అంటే నివాస కార్డు, అక్కడికక్కడే చేతికిస్తారు. పార్ట్‌టైమ్ పనికి అనుమతి పత్రం కూడా అక్కడే ఇచ్చేయండి, లేకపోతే తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. హాస్టల్‌లో చేరిన 14 రోజుల్లోగా ఆ ప్రాంతపు మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే కార్డు వెనక మీ చిరునామా అచ్చువేస్తారు. ఆ అచ్చు పడేదాకా మిగతా పనులేవీ కదలవు.

అదే రోజు, అదే భవనంలో ఆరోగ్య బీమాలో చేరండి. 3 నెలలు దాటి ఉండేవాళ్లు చేరక తప్పదు. వైద్యం ఖర్చులో మీ వాటా 30 శాతమే. 20 ఏళ్లు నిండితే పెన్షన్ పథకం కూడా వర్తిస్తుంది. 2025 ఆర్థిక సంవత్సరంలో దాని చందా నెలకు 17,510 యెన్లు. ఇది చూసి బెదరకండి. విద్యార్థులకు, ఆదాయం లేనివారికి మినహాయింపులు ఉన్నాయి, మీ హోదాకు ఏది వర్తిస్తుందో ఆ కౌంటర్లోనే అడిగి దరఖాస్తు ఇవ్వండి. అడగకుండా వచ్చేస్తే నోటీసులు ఇంటికొస్తాయి.

ఆ తర్వాత సిమ్. కాల్స్ వచ్చే నంబరే తీసుకోండి, డేటా మాత్రమే ఉండే సిమ్ బ్యాంకులో పనికిరాదు. వెంట తెచ్చుకున్న క్రెడిట్ కార్డుతో కొన్ని కంపెనీలు ఇస్తాయి. ఆఖరున బ్యాంకు. దేశానికి వచ్చి 6 నెలలు నిండనివారికి చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. అందుకే విద్యార్థులు ఎక్కువగా పోస్టల్ బ్యాంకు 'యూచో'కు వెళ్తారు.

ఇక్కడే ఒక చిన్న గీత పెద్ద ఇబ్బంది పెడుతుంది. జపాన్ బ్యాంకుల మధ్య డబ్బు బదిలీ కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, ఉన్న పేరు చూసి జరుగుతుంది. లక్ష్మి అన్న పేరును 'రకుషుమి' అనీ రాయవచ్చు, చివర దీర్ఘానికి అడ్డగీత పెట్టి 'రకుషుమీ' అనీ రాయవచ్చు. యూనివర్సిటీ ఫారంలో ఒక రకంగా, ఖాతాలో ఇంకో రకంగా ఉంటే స్కాలర్‌షిప్ తిరుగుటపాలో వెళ్లిపోతుంది. దరఖాస్తు మొదటి రోజే ఒక్క రూపం ఖాయం చేసుకుని, కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ప్రశ్న: రోజూ వాడే మందులు 5 నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చా?

జవాబు: డాక్టరు రాసిన మందులు ఒక నెలకు మించితే బయలుదేరే ముందే జపాన్ ఆరోగ్య శాఖ దగ్గర దిగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. మామూలు జలుబు మాత్రలైనా సరే, ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే నిషేధం. ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత లోపానికి, వాడే ఆంఫెటమైన్ మందులను డాక్టరు చీటీ ఉన్నా రానివ్వరు.

ప్రశ్న: తరగతిలో టీచరు చెప్పేది అర్థమవుతుంది. జపాన్ వాళ్లు మాట్లాడే వీడియోలు పెడితే ఒక్క ముక్క అందదు. వెళ్లేలోగా ఏం చేయాలి?

జవాబు: సెమిస్టర్ అంటే 15 వారాలే, కాబట్టి ఈ పని ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. 'తింటాను' అనడానికి తరగతిలో 'తబెమాస్' నేర్పుతారు, స్నేహితులు 'తబెరు' అంటారు, విభక్తులు మింగేస్తారు. ప్రతి క్రియకూ మామూలు రూపం, దాని వ్యతిరేకం, భూతకాలం ఆలోచించకుండా నోటికి వచ్చేలా సాధన చేయండి. దుకాణంలో మళ్లీ వేరే భాష వినిపిస్తుంది. కౌంటర్లో వరుసగా పడే ప్రశ్నలు రెండే: 'రెజిబుకురో వా గొరియో దెస్‌కా', సంచీ కావాలా, 'అతతమెమాస్‌కా', వేడి చేయాలా. సంచీకి 2020 జులై నుంచి డబ్బు కట్టాలి కాబట్టి మొదటిది తప్పకుండా అడుగుతారు. జవాబుగా 'దైజోబు దెస్' అంటే 'వద్దు' అని అర్థం. ఒసాకా, క్యోటో వెళ్లేవాళ్లు 'తెలియదు' అనే 'వకరానయ్' బదులు 'వకరహెన్' వినడానికీ సిద్ధంగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఇంగ్లీషును తీసేయండి. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో ఉండడంతో మనవాళ్లు వాక్యాన్ని రెండుసార్లు తిరగేస్తున్నారు. 'నిన్న కొన్న పుస్తకం' అంటే 'కినో కత్త హోన్', ఏ మాట స్థానమూ మారలేదు. 'తిని చూడు' అంటే 'తబెతె మితె', ఇందులో 'చూడు' కూడా మన 'చూడు' లాంటిదే. 'వస్తానని అన్నాడు' అంటే 'కురు తో ఇత్త', మన 'అని' చేసే పని అక్కడ 'తో' చేస్తుంది. తెలుగులో ఆలోచిస్తే సగం దారి నడిచినట్టే.

తెలుగు తప్పుదోవ పట్టించే చోట్లు రెండు ఉన్నాయి. మనకు ఇవ్వడం ఒక్కటే మాట. అక్కడ నేను ఇస్తే 'అగెరు', ఎవరైనా నాకిస్తే 'కురెరు'. రెండోది 'మీరు'. 'అనత' అని నేర్చుకుని టీచరు దగ్గర వాడితే మర్యాదగా ఉండదు. పేరుకు 'సాన్' చేర్చండి, టీచరైతే 'సెన్‌సెయ్' చాలు. నోట్సు కానాలోనే, అంటే జపనీస్ అక్షరాల్లోనే, రాసుకోండి. రోమన్ లిపిలో రాస్తే దీర్ఘం జారిపోతుంది, 'ఒబసాన్' పిన్ని అయితే 'ఒబాసాన్' అమ్మమ్మ మరి.

ప్రశ్న: పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ ఖర్చులు వెళ్లదీయవచ్చా? తిరిగి వచ్చేటప్పుడు ఏమైనా పనులుంటాయా?

జవాబు: అనుమతి ఉంటే వారానికి 28 గంటలు, యూనివర్సిటీ పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. హోస్టెస్‌లు ఉండే బార్లు, పచింకో అనే జూదపు ఆట గదుల్లో పని నిషేధం, గిన్నెలు కడగడం కూడా. ఒక్క సెమిస్టర్‌కు ఈ సంపాదన మీద లెక్క వేసుకోవద్దు. పని దొరికి మొదటి జీతం ఖాతాలో పడేసరికి రెండు నెలలు గడిచిపోతాయి.

వచ్చే ముందు అదే మున్సిపల్ ఆఫీసులో దేశం వదులుతున్నట్టు తెలియజేసి, బీమా రద్దు చేయించి బకాయి కట్టండి. ఫోన్, ఖాతా చివరి వారంలో మూయండి. నివాస కార్డును విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్లో ఇచ్చేయాలి. ప్రతి కోర్సు సిలబస్‌ను, తరగతి గంటల సంఖ్యతో సహా, పీడీఎఫ్‌గా దాచుకోండి. మార్కుల జాబితా ఒక్కటే తెస్తే ఇక్కడ క్రెడిట్లు లెక్కగట్టేవాళ్లు గంటలెన్ని అని అడుగుతారు, అప్పటికి మీ అక్కడి లాగిన్ మూసేసి ఉండవచ్చు.