సెడ్నా, యెమాయా: ‘మాత’ అనాలా, ‘తల్లి’ అనాలా?

సందేహం: ఆర్కిటిక్ మంచుప్రాంతపు ఇనూయిట్ల సముద్రదేవత సెడ్నాను, క్యూబాలో ఆఫ్రికా సంతతివారు కొలిచే యెమాయాను ఒకే వ్యాసంలో పరిచయం చేస్తున్నాను. ఇద్దరినీ ‘సముద్రమాత’ అన్నాను. ‘గంగమ్మ ఉండగా ఈ సమాసం ఎందుకు?’ అన్నాడొక మిత్రుడు. ఏది సరి?

సమాధానం: ‘సముద్రమాత’లో వ్యాకరణదోషం లేదు. కానీ ఆ ఇద్దరికీ ఒకే మాట అతకదు.

యెమాయాకు ‘మాత’ బాగుంటుంది. ‘చేపలే బిడ్డలైన తల్లి’ అని పశ్చిమ ఆఫ్రికాలోని యొరుబా ప్రజల భాషలో ఆ పేరుకు అర్థం చెబుతారు. నైజీరియాలో ఆమె ఓగున్ నది దేవత. బానిసలుగా ఓడలెక్కించిన యొరుబాల వెంట అట్లాంటిక్ దాటి, క్యూబాలో సముద్రానికే తల్లి అయింది. హవానా రేవుకు అవతలి ఒడ్డున రెగ్లా చర్చిలోని మేరీమాతలో భక్తులు ఆమెనే చూసుకుంటారు. పండుగ సెప్టెంబరు 7న. ‘మేరీమాత’ మనకు అలవాటైన మాటే కాబట్టి పక్కన ‘యెమాయా మాత’ ఎబ్బెట్టుగా ఉండదు.

సెడ్నా సంగతి వేరు. కెనడాలోని బాఫిన్ దీవిలో 1883–84లో ఉన్న మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ ఈ కథను నమోదు చేశాడు. పడవ అంచు పట్టుకుని వేలాడుతున్న కూతురు సెడ్నా వేళ్లను తండ్రి కణుపు కణుపుగా నరికాడు. ఆ ముక్కలే సీళ్లు, తిమింగలాలు అయ్యాయి. వేళ్లు లేవు గనుక ఆమె తల దువ్వుకోలేదు. చావు పుట్టుకల నియమాలు ఎవరైనా తప్పితే ఆ దోషం ఆమె జుట్టులో చిక్కుపడుతుంది. ఆమె జంతువులను తన దగ్గరే ఆపేస్తుంది, ఒడ్డున పస్తులు. అప్పుడు అంగక్కుక్ అనే మాంత్రికుడు సముద్రం అడుగున ఉన్న ఆమె దగ్గరకు దిగి, చిక్కు తీసి, ఆమెను శాంతింపజేయాలి. ఇక్కడ ‘పాపం’ అని రాయకండి. ‘మైల’ అనండి, భావం సూటిగా అందుతుంది.

ఇలాంటి కోపానికి ‘మాత’ చాలదు. మశూచిని ‘అమ్మవారు’ అన్న భాష మనది; భయమూ బంధమూ కలిసిన ‘తల్లి’ మనకు ఉంది. ‘సముద్రపు తల్లి’ అనండి. గుడి, పూజ అనే మాటలు సెడ్నా దగ్గరకు తేకండి, అక్కడ అవి లేవు.

గంగమ్మ మన మత్స్యకారుల తల్లి. ఆ పేరు వినగానే పాఠకుడికి మన రేవులు, మన జాతరలే కళ్లకు కడతాయి. పోలికగా ఒకచోట చెప్పండి, పేరుగా మాత్రం వద్దు.

మరొక్క మాట. ‘ఇనూయిట్’ వారి భాషలోనే బహువచనం, ఒక్కరైతే ‘ఇనుక్’. అయినా తెలుగులో ‘ఇనూయిట్లు’ అనడం తప్పు కాదు. ‘ఎస్కిమోలు’ మాత్రం మానేయండి. కెనడాలో ఆ పేరును వారు అవమానంగా భావిస్తారు.