విశాఖ ఎంపీ అభ్యర్థుల గురించి రాయబోతున్న మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విశాఖపట్నం ఎంపీ సీటుకి వినిపిస్తున్న పేర్ల మీద ప్రొఫైళ్లు తయారుచేసే పని మీ డెస్క్ నీకు అప్పజెప్పిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి తెలిసింది చెబుతాను.

ఆ మనిషి ఎలాంటివాడు, ఆ మనిషి గెలుస్తాడా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. రెండింటికీ రెండు నోటు పుస్తకాలు పెట్టుకో. గెలుస్తాడనిపించగానే అతని మీదున్న కేసు మన కళ్లకి చిన్నదైపోతుంది. ఓడిపోతాడనుకున్నవాడి బ్యాంకు అప్పు పెద్ద నేరంలా కనిపిస్తుంది. డబ్బు తీసుకుని రాసే రాతల్ని ఎవరైనా పసిగడతారు. ఇలా మనకే తెలియకుండా జారిపోవడాన్ని పట్టుకోవడం చాలా కష్టం. పార్టీలు చేసేదీ ఇదే. నేరచరిత్ర ఉన్నవాళ్లకి టికెట్ ఎందుకిచ్చారో కారణం ప్రకటించాలని, గెలవగలడన్నది ఒక్కటే కారణంగా చూపకూడదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రకటనలు ఫైల్ చేసి పెట్టుకో, ఏ పార్టీ ఏం రాసిందో చదివితే నీకే తెలుస్తుంది.

మొదటి పుస్తకం అఫిడవిట్‌తో మొదలవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణం చేసి రాసి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అది. ఇదివరకు పోటీ చేసినవాళ్లవి ఎన్నికల సంఘం సైట్‌లోనే దొరుకుతాయి. ఒక్క ఏడాదిది చదివితే సరిపోదు. 2019ది, 2024ది పక్కపక్కన పెట్టుకుని చదువు. భూముల దగ్గర ఆగి చదువు. సర్వే నంబరు, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఇప్పటి అంచనా విలువ, అన్నీ అక్కడే ఉంటాయి. విలువ పెరిగినంత మాత్రాన తప్పు పట్టకు, భీమిలి వైపు పాత భూమి ఉన్న ఎవరికైనా పెరిగే ఉంటుంది. మొదటి అఫిడవిట్‌లో ఉండి రెండోదాంట్లో మాయమైన సర్వే నంబరు ఏదైనా ఉందా అని చూడు. ఉంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ఎవరికి రిజిస్టరైందో కనుక్కో. భార్య పేరు మీద, హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం) పేరు మీద ఉన్నవి కూడా వదలకు.

కేసుల దగ్గర అంకె చూసి హెడ్డింగ్ పెట్టొద్దు. ధర్నా చేశారని పెట్టిన ఐపీసీ 143, 341, 188 సెక్షన్లు ఒక రకం. మోసం, నమ్మకద్రోహం, ఫోర్జరీల కింద పెట్టే 420, 406, 468 పూర్తిగా వేరు. 2024 జులై నుంచి ఐపీసీ బదులు కొత్త న్యాయసంహిత కాబట్టి తర్వాతి కేసుల్లో నంబర్లు మారాయి, జాగ్రత్త. అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నది అఫిడవిట్‌లోనే ఉంటుంది. కేసు నంబరు పట్టుకుని కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో చూస్తే వాయిదాలు ఎలా నడుస్తున్నాయో తెలుస్తుంది.

ఇంకో సంగతి చాలామంది రిపోర్టర్లకి కూడా తెలియదు. అఫిడవిట్‌లో రాసింది నిజమా కాదా అని రిటర్నింగ్ అధికారి విచారించడు. గడులు ఖాళీగా వదిలేస్తే నోటీసిచ్చి నింపమంటాడు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. అబద్ధం రాశాడంటే మాత్రం ఫిర్యాదు చేసినవాళ్లు కోర్టుకి వెళ్లాల్సిందే. అందుకని 'నామినేషన్ ఆమోదం పొందింది' అన్నంత మాత్రాన ఆ మనిషికి క్లీన్ చిట్ వచ్చినట్టు రాయకు.

పదవిలో ఉన్నవాళ్లయితే పార్లమెంటులో హాజరు, అడిగిన ప్రశ్నలు, నియోజకవర్గం అభివృద్ధి పనులకి ఏటా వచ్చే 5 కోట్ల ఎంపీ ల్యాడ్స్ నిధులు ఎక్కడ ఖర్చయ్యాయో చూడు. స్థానికుడా కాదా అన్న గొడవకి ఎక్కువ చోటివ్వకు. నెల్లూరు నుంచి వచ్చిన సుబ్బరామిరెడ్డినీ, జనార్దనరెడ్డినీ గెలిపించిన ఊరు మనది.

ఇక రెండో పుస్తకం. మనవాళ్లు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

ముందు నియోజకవర్గం హద్దులు తెలుసుకో. విజయనగరం జిల్లాలోని ఎస్.కోట (శృంగవరపుకోట) మన ఎంపీ స్థానంలో ఉంది. సిటీలో కలిసిపోయినట్టుండే పెందుర్తి అనకాపల్లి కిందికి వెళ్లింది. పెందుర్తి టీ కొట్టు దగ్గర జనం మాటలు విని విశాఖ ఎంపీ మీద కథ రాసేవాళ్లని చూశాను.

2019 ఫలితం బాగా చదువు. తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ, సిటీలో నాలుగు అసెంబ్లీ సీట్లూ టీడీపీవే. ఎంపీగా మాత్రం వైఎస్సార్సీపీ అభ్యర్థి ఎంవీవీ సత్యనారాయణ 4,414 ఓట్లతో గెలిచారు. ఒకే రోజు, ఒకే బూత్‌లో రెండు ఓట్లు వేసి జనం రెండు రకాలుగా ఆలోచించారు. జనసేన తరఫున నిలబడిన మాజీ సీబీఐ అధికారి లక్ష్మీనారాయణకి 2.88 లక్షలు పడ్డాయి. ఎమ్మెల్యేల బలం కూడి ఎంపీ ఫలితం చెప్పేసేవాళ్లు ఈ ఒక్క ఎన్నికా గుర్తుపెట్టుకుంటే చాలు.

2024లో టీడీపీ, జనసేన కలిశాయి, బీజేపీ కూడా చేరింది. పాత లెక్కలో, అంటే 2019లో, టీడీపీ ఎంపీ అభ్యర్థి శ్రీభరత్ 4.32 లక్షలకి జనసేన 2.88 లక్షలు కలిపితే 7.2 లక్షలు. 2024లో ఆయనకి వచ్చినవి 9.07 లక్షలు, మెజారిటీ 5 లక్షల పైన. అవతల వైఎస్సార్సీపీ అభ్యర్థి బొత్స ఝాన్సీ లక్ష్మికి 4.03 లక్షలు పడ్డాయి. అంటే వైఎస్సార్సీపీకి 2019తో పోలిస్తే తగ్గినవి ముప్పై నాలుగు వేలలోపే. మరి శ్రీభరత్‌కి అదనంగా పడిన దాదాపు 1.86 లక్షల ఓట్లు ఎక్కడివి? పాత పార్టీల ఓట్లు కూడితే దీనికి సమాధానం రాదు. కొత్త ఓటర్లు, పెరిగిన పోలింగ్, పార్టీ మారినవాళ్లు, బూత్ బూత్‌కీ విడదీసి చూస్తేగానీ తేలదు.

బూత్‌వారీ లెక్క ఫారం 20లో ఉంటుంది. దించుకుని గాజువాక, భీమిలి, ఎస్.కోట విడివిడిగా పెట్టుకో. 2009కి ముందు హద్దులు వేరు కాబట్టి ఆ అంకెల జోలికి పోకు. రేపు డీలిమిటేషన్‌లో (నియోజకవర్గాల పునర్విభజనలో) మళ్లీ హద్దులు మారినా బూత్ లెక్క చేతిలో ఉన్నవాళ్లు కొత్త నియోజకవర్గాన్ని కూర్చుకోగలరు.

కులం లెక్కలంటూ నీ చేతిలో కాగితాలు పెడతారు. ఓటర్ల జాబితాలో కులం అనే గడి ఉండదమ్మా. ఆ అంకెలు ఎవరో వేసిన అంచనాలు. ఎవరు వేశారో, ఎలా వేశారో చెప్పలేకపోతే పేపర్లోకి ఎక్కించకు.

ఊళ్లోకి వెళ్లినప్పుడు 'ఎవరికి వేస్తారు' అని అడక్కు, నీ మొహం చూసి నీకు నచ్చే జవాబు చెబుతారు. పోయినసారి ఓటరు స్లిప్పు ఎవరు తెచ్చిచ్చారు, ఆ కుర్రాడు ఇప్పుడు ఏ పార్టీలో తిరుగుతున్నాడు అని అడుగు. కంచరపాలెంలోనో, గాజువాకలో స్టీల్‌ప్లాంటు కార్మికుల ఇళ్ల మధ్యనో సాయంత్రం పూట కూర్చుంటే ఇలాంటివి వాళ్లే చెబుతారు. పోలింగ్ బూత్‌లలో ఏజెంట్లని కూర్చోబెట్టలేని పార్టీ రోడ్‌షోకి ఎంత జనం వచ్చినా తొందరపడి రాయకు.

ముందు ఎస్.కోట వెళ్లు. సిటీ రిపోర్టర్లు తక్కువగా వెళ్లేది అక్కడికే. రెండు ఎన్నికల ఫారం 20లూ ప్రింటు తీసుకుని ఆదివారం ఇంటికి రా, అత్తయ్య భోజనానికి ఉండమంటోంది. ఆ సెగ్మెంటు బూత్‌లు కూర్చుని చూద్దాం.

మీ మామయ్య