ఇలూవతార్‌కు ఒక్కొక్కరి బతుకూ తెలుసా?

టోల్కీన్ కల్పించిన మిడిల్ ఎర్త్‌లో సృష్టికర్త ఇలూవతార్ ఒక్కొక్కరి జీవితాన్నీ గమనిస్తాడా, నడిపిస్తాడా అని అడిగారు. రెండూ చేస్తాడనే నా నమ్మకం.

గమనించడం గురించి సందేహమే అక్కర్లేదు. ఆయన కింది దేవతల్లో ఒకడైన ఔలే ఎవరికీ తెలియకుండా కొండల కింద మరుగుజ్జులను తయారుచేస్తే, పని ముగిసిన ఘడియలోనే ఇలూవతార్ పలకరిస్తాడు.

నడిపించే తీరే అసలు విషయం. నూమెనార్ అనే ద్వీపరాజ్యం సముద్రంలో మునిగినప్పటిలా ఆయన స్వయంగా కలగజేసుకున్న సందర్భాలు అరుదు. చీకటి ప్రభువు సౌరాన్ చేసిన మాయా ఉంగరం బిల్బో అనే హాబిట్‌కు (పొట్టి జాతివాడికి) దొరకాలనే ఉందని, అది దాన్ని చేసినవాడి సంకల్పం కాదని మాంత్రికుడు గాండాల్ఫ్ బిల్బో వారసుడు ఫ్రోడోతో అంటాడు. దైవసంకల్పం అంతవరకే. చీకట్లో కత్తి చేతిలో ఉండి కూడా, ఆ ఉంగరం పోగొట్టుకున్న గొల్లుమ్‌ను జాలితో వదిలేయడం బిల్బో సొంత నిర్ణయం. చివరికి ఉంగరాన్ని నాశనం చేయడానికి వచ్చిన ఫ్రోడో అగ్నిపర్వతం అంచున అది నాదేనంటాడు. గొల్లుమ్ దాన్ని లాక్కుని, దానితో సహా జారిపడతాడు. గొల్లుమ్ బతికి ఉన్నాడు కాబట్టే అది మంటల్లో పడింది.

మాది మహబూబ్‌నగర్ వైపు. కురుమూర్తి వేంకటేశ్వరస్వామి జాతరలో ఉద్దాల ఉత్సవం చూస్తూ పెరిగాను. వడ్డెమాన్‌లో నిష్ఠతో కుట్టిన స్వామివారి తోలు పాదరక్షలను ఊరేగింపుగా తెస్తారు. వాటిని తలకు తాకించుకోవడానికి జనం ఎగబడతారు. స్వామి రాత్రిళ్లు చేలగట్ల వెంట తిరుగుతాడని, అందుకే చెప్పులు అరిగిపోతాయని మా అమ్మమ్మ చెప్పేది. అలాంటి దేవుణ్ణి ఎరిగిన నాకు ఎక్కడో దూరాన ఉండే ఇలూవతార్ మొదట రుచించలేదు.

నాన్న బొంబాయికి కూలికి పోయి, డబ్బు పంపలేకపోయిన ఏడాది అమ్మ స్వామికి మొక్కుకుంది. కొన్నాళ్లకు పొరుగింటావిడ చేటలో జొన్నలు తెచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా మా గంపలో పోసి వెళ్లింది. స్వామే పంపాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ పొరుగావిడను ఎవరూ ఆదేశించలేదు, ఆమె ఇంట్లోనూ గింజలు అంతంతమాత్రమే. నాకు ఆ రెండూ నిజమే. బిల్బో జాలి నాకు అర్థమైంది ఆ జొన్నల వల్లే.

మరి పిలిస్తే పలికేవారు లేరా? ఉన్నారు. షెలోబ్ అనే రాకాసి సాలీడు మీదికి వస్తుంటే, ఫ్రోడో వెంట వచ్చిన సామ్ నోట తనకు రాని భాషలో నక్షత్రాల దేవి వార్దా స్తుతి వెలువడుతుంది. తడబడుతూ లేస్తాడు, చేతిలోని స్ఫటికపు బుడ్డి భగ్గున వెలుగుతుంది. దాన్ని పట్టుకుని సాలీడు మీదికి అడుగు వేసింది మాత్రం సామే.